రాయి పగిలాక కాదు సార్, పగలకముందు ఒక్క ఫోన్ చెయ్యండి: మా జిల్లా అధికారులకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి, ఆర్డీఓ, తహసీల్దార్ గార్లకి, దేవాదాయ శాఖ ఈఓలకి, పంచాయతీ సెక్రటరీలకి, రోడ్ల పనులూ చెరువు పనులూ చేయించే ఇంజనీర్లకి, కాంట్రాక్టర్లకి, ఊళ్ళల్లో గుడి కమిటీ పెద్దలకి,

నమస్కారమండి. పాత శాసనాల రాళ్ళూ, పాత రికార్డులూ పాడవకుండా చూడమని మీ అందరికీ విడివిడిగా రాసిన అర్జీలు అయిపోయాయి కాబట్టి ఈసారి అందరికీ కలిపి, జనం చదివేలా రాస్తున్నాను. జిల్లా పేరు కావాలనే రాయట్లేదు. ఒక ఆఫీసుని, ఒక మనిషిని బజారుకీడ్చడం మా ఉద్దేశం కాదు, పైగా పేరు తీసేసి చదివితే పక్క జిల్లావాళ్ళు కూడా ఇది మా సంగతే అనుకుంటారని నా నమ్మకం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు కాస్తా 26 అయినప్పుడు పుట్టిన కొత్త జిల్లాల్లో మాదొకటి, అంతవరకు చెప్తే చాలు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైర్ అయ్యాను. ముప్పై ఏళ్ళకి పైగా ఇవే పల్లెరూట్లు. బస్సు చివరి స్టేజీలో ఆగితే డ్రైవరు టీ తాగే పది నిమిషాల్లో నేను రావిచెట్టు కిందకో పాత గుడి వెనక్కో వెళ్ళి రాళ్ళు చూసేవాణ్ణి, అక్షరాలుంటే టికెట్ల పుస్తకం వెనకాల రాసుకునేవాణ్ణి, చదవడం రాకపోయినా సరే. అలా మొదలైంది ఈ పిచ్చి. ఇప్పుడు ఏడుగురం ఉన్నాం. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఒక కరెంటు లైన్‌మాన్, ఒక టైలరు, ఒక డిగ్రీ లెక్చరర్, జిరాక్స్ షాపు పెట్టుకున్న ఒక తమ్ముడు, నేను. సొసైటీ రిజిస్టర్ చేయించుకోవాలంటే ఏడుగురు సంతకం పెట్టాలన్నారు, ఏడో సంతకం కోసం జిరాక్స్ తమ్ముడి భార్యని అడిగాం. సంతకానికని వచ్చిన ఆ అమ్మాయే ఇప్పుడు మా అందర్లోకీ పనిమంతురాలు, అక్షరాలన్నీ గొలుసులా కలిపేసి రాసే కరణాల గొలుసుకట్టు రాత మాలో సరిగ్గా చదవగలిగేది ఆవిడొక్కతే. వాళ్ళ తాతయ్య దగ్గర నేర్చుకుందట, మాకెవరికీ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

మేం చేసే పని పెద్ద విద్యేం కాదండి. 1882లో రాబర్ట్ సూయల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు దొర తాలూకాల వారీగా, ఊరూరా ఏ పాత గుడి ఉంది, ఏ శాసనం ఉంది అని లిస్టు వేశాడు. 1887 నుంచి శాసనాలు చదివే ఎపిగ్రఫీ శాఖ వాళ్ళ వార్షిక రిపోర్టులు ఉన్నాయి, అందులోనూ ఊరి పేరు, రాయి ఎక్కడుంది, ఏ రాజు కాలం, ఏం దానం అని ఒక్కో లైను ఉంటుంది. ఆ లిస్టులు ప్రింట్ తీసుకుని ఆదివారం ఆదివారం ఊళ్ళకి పోయి టిక్కు పెట్టుకుంటాం, రాయి ఉందా, లేదా, ఉంటే ఎలా ఉంది. మెత్తటి బ్రష్‌తో నీళ్ళు పోసి కడగడం, సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో, లేదంటే రాత్రి ఒక పక్కనుంచి టార్చి కొట్టి ఫోటో, అలా కొడితే పగలు కనపడని అక్షరం కూడా నీడతో లేచి నిలబడుతుంది. కుదిరితే తడి కాగితం అంటించి బ్రష్‌తో తట్టి సిరా అద్ది అచ్చు తీస్తాం. తర్వాత తెలిసిన పెద్దలకి పంపుతాం, మైసూరులో ఉన్న ఎపిగ్రఫీ ఆఫీసుకీ పంపుతాం. అంతే. పెట్రోలు మాది, కాగితం మాది, టిఫిను మాది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా జిల్లాలో ఒక ఊళ్ళో పాత శివాలయం ముందు నిలువురాయి ఒకటుండేది. పైన సూర్యుడు చంద్రుడు, కింద నాలుగు పక్కలా అక్షరాలు. చెరువు తూముకి ఎవరో ఇచ్చిన మాన్యం గురించిన శాసనం. గుడి బాగు చెయ్యడానికి డబ్బులొచ్చాయి, మంచిదే. మండపం తీసి కొత్తది కట్టారు, ముందు ర్యాంపు పోశారు. రాయి అడ్డమొచ్చిందని బ్రేకర్ పెట్టి మూడు ముక్కలు చేసి రెండు ముక్కలు ర్యాంపు కింద బెడ్డింగులో వేశారు, మూడోది బోరింగు దగ్గర బట్టలుతుక్కునే రాయి అయింది. ఊళ్ళోవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అది ఏమిటో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. పని మొదలవ్వక మునుపే ఆ రాయి గురించి మేం రెండుసార్లు అర్జీ ఇచ్చాం, పగిలాక ఇంకోటి. సోమవారం గ్రీవెన్స్‌లో తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. అర్జీ రెవెన్యూ నుంచి దేవాదాయ శాఖకి పోయింది, అక్కణ్ణుంచి ఈ గుడి మా లిస్టులో లేదని పంచాయతీకి పోయింది, పంచాయతీ వాళ్ళు ఇది పురావస్తు శాఖ పని అన్నారు, పురావస్తు శాఖ ఆఫీసేమో ఇంకా పాత జిల్లా హెడ్‌క్వార్టర్లోనే ఉంది, అక్కడికెళ్తే ఇది రక్షిత కట్టడం కాదు మేమేం చెయ్యగలం అన్నారు. వాళ్ళు చెప్పిందాంట్లో ఎవరి మాటా అబద్ధం కాదు. మూడు నెలల తర్వాత నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. పరిష్కారం అయిన రోజు మేం వెళ్ళి చూస్తే ఆ ముక్క మీద ఎవరో దుప్పటి ఉతుకుతున్నారు.

రెండేళ్ళ కిందట మా లైన్‌మాన్ స్తంభం ఎక్కడానికి ఆ ఊరెళ్ళినప్పుడు తీసిన నాలుగు ఫోటోలున్నాయి కాబట్టి ఒక పక్క అక్షరాలు దక్కాయి. మిగతా మూడు పక్కలూ ఏం చెప్పేవో ఇక దేవుడికెరుక.

ఇలాంటి రాళ్ళ చివర శాపం ఉంటుందండి. ఇచ్చిన భూమిని ఎవడైనా హరిస్తే అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని సంస్కృత శ్లోకం, గంగ ఒడ్డున కపిల గోవుని చంపిన పాపాన పోతాడని తెలుగులో ఇంకోటి. రాయించినవాడికి తెలుసు ఎప్పుడో ఒకడు వస్తాడని. పాపం ఆ వచ్చేది జేసీబీ అని, దాన్ని నడిపేవాడికి ఆ లిపి రాదని అనుకుని ఉండడు.

కొంతమంది పెద్దమనుషులు మాతో అంటారు, మీకెందుకయ్యా ఈ గోల, చరిత్ర యూనివర్సిటీ వాళ్ళు చూసుకుంటారు కదా అని. మర్యాదగానే చెప్తున్నా, తెలుగునాట చరిత్ర చాలా వరకు మాలాంటి వాళ్ళ చేతుల్లోంచే బయటికొచ్చింది. నాగార్జునకొండ లోయలో పాత స్తంభం ఒకటి చూసి ఇదేదో ఉందని ప్రభుత్వానికి చెప్పింది సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు. ఆ తర్వాతే శాసనాల శాఖ నుంచి సరస్వతి గారు వచ్చి చూశారు, 1926లో అది లోకానికి తెలిసింది. 1954 నుంచి 60 దాకా డ్యాము నీళ్ళు వచ్చేలోపు పరుగు మీద తవ్వకాలు చేసి దక్కినవి కొండ మీదకీ అనుపుకీ చేర్చారు. ఆ పంతులు గారు నాకెందుకులే అని బడికి పోయి ఉంటే? కోటిలింగాల సంగతి కూడా అంతే, ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరి శర్మ గారు గోదారి ఒడ్డున దొరికిన నాణేలు ఏరి భద్రం చేస్తేనే వాటి మీద శాతవాహన సిముకుడి పేరుందని శాసన పండితులు పరబ్రహ్మశాస్త్రి గారు చదవగలిగారు. రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టిన భావరాజు వెంకట కృష్ణారావు గారు లాయరు. హైదరాబాదులో నిజాం రోజుల్లో లక్ష్మణరాయ పరిశోధక మండలి పేరుతో శాసనాలు పోగుచేసి 1935లో తెలంగాణ శాసనాలు అచ్చేసిన వాళ్ళకి ఏ ప్రభుత్వం జీతమిచ్చింది? కడపలో బ్రౌన్ దొర ఉన్న బంగళా చోటు మొండిగోడలై పోతుంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగేసి అక్కడ లైబ్రరీ లేపారు, ఇవాళ అది యోగి వేమన యూనివర్సిటీ కింద పరిశోధన కేంద్రం. అంటే వాళ్ళంత వాళ్ళం మేమని కాదు, ఆ మాట నోటితో అనడానికి కూడా మేం చాలం. దారి మాత్రం అదే అంటున్నా.

ఇంకో మాట, ఇది కలెక్టర్ గారికి ప్రత్యేకంగా. ఒకప్పుడు ఈ పని చేసింది మీ సర్వీసు వాళ్ళే సార్. నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా 1905లో అచ్చేసిన బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ఇద్దరూ ఐసీఎస్ ఆఫీసర్లు. బాస్వెల్ నెల్లూరు మాన్యువల్ 1873, గోర్డన్ మెకంజీ కృష్ణా మాన్యువల్ 1883, హెమింగ్వే గోదావరి గెజిటీర్ 1907, ఇవన్నీ ఒక్కో జిల్లా చరిత్రా వివరాలూ రాసిన పుస్తకాలు. శిస్తు వసూలు కోసం రాసుకున్నారు, తెల్లవాడి లెక్కలు తెల్లవాడివి, కాదనను. కానీ గుర్రం మీద తిరిగేవాళ్ళకి దొరికిన తీరిక ఇన్నోవాలో తిరిగేవాళ్ళకి దొరకట్లేదంటే మాకు కష్టంగా ఉంది. వాళ్ళకన్నా ముందు కాలిన్ మెకంజీ అనే సర్వే దొర కోసం ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించింది మన ఏలూరు కావలి వారి అన్నదమ్ములు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఆ కైఫీయతుల్లో మా మండలంలో కొన్ని ఊళ్ళ పుట్టుక కథ ఉంది, మా ఊళ్ళో పిల్లలు ఒక్కళ్ళు కూడా అది చదవలేదు.

ఇదంతా రాళ్ళ మీద ప్రేమ అనుకుంటారేమో, దీనివల్ల మామూలు జనానికి జరిగే నష్టం చెప్తాను, మేం కళ్ళారా చూసినవి:

1. బడి రిజిస్టర్లు. పాత ప్రైమరీ స్కూలు బిల్డింగు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు బీరువా ఖాళీ చేస్తారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టాయని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేస్తారు. ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళకి పుట్టిన తేదీకి, తండ్రి పేరుకి, కులానికి ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ రిజిస్టరే. ఇంటిదగ్గర పురుడు పోసుకున్న తరం అది, బర్త్ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచొస్తుంది? మా దగ్గరికి ఒక ముసలాయన పెన్షన్ కోసం వయసు రుజువు కావాలని వచ్చాడు, ఆయన చదివిన బడికి వెళ్తే రిజిస్టర్ లేదు, హెడ్‌మాస్టారు కొత్తాయన, ఆయనకేం తెలుసు. ఊరికే అదృష్టం కొద్దీ మా టైలరు ఆ ఊరి పాత కాగితాల కొట్టులో ఒక కట్ట కొని పెట్టాడు, అందులో దొరికింది. గవర్నమెంటు రికార్డు టైలరు ఇంటి అటక మీద దొరకడం మాకు గర్వంగా లేదండి, భయంగా ఉంది.

2. చెరువులు, మాన్యాలు. పాత దానశాసనాల్లో సగం చెరువు గురించో తూము గురించో పొలం హద్దుల గురించో ఉంటాయి. తూర్పున పుట్ట, దక్షిణాన వాగు, పడమట ఫలానా ఊరి పొలిమేర అని. అవి కోర్టులో చెల్లుతాయని నేను అనట్లేదు, దానికి ఆర్ఎస్ఆర్, డైగ్లాట్, ఫెయిర్ అడంగల్ లాంటి భూమి రికార్డులు ఉన్నాయి. కానీ ఇక్కడ చెరువు ఉండేది, దీనికి ఇంత ఆయకట్టు ఉండేది అని చెప్పే రాయి ఊరి నడుమ నిలబడి ఉంటే ఆక్రమించేవాడికి కాస్త జంకు ఉంటుంది. నేను పైన చెప్పిన రాయి చెప్పింది కూడా చెరువు గురించే. ఆ చెరువులో ఇప్పుడు సగం ప్లాట్లు. రాయి పగలడానికీ దానికీ సంబంధం ఉందని నేను అనను, అనడానికి నా దగ్గర రుజువు లేదు.

3. కరణాల ఇళ్ళల్లో కాగితాలు. 1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేశారు. అది మంచిదా చెడ్డదా అనే గొడవ నాకొద్దు, ఊళ్ళో పేదవాడు కరణం గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డాడో నాకూ తెలుసు. కానీ అప్పుడు ఆఫీసుకి చేరాల్సినవి కొన్ని చేరాయి, ఇంట్లోనే ఉండిపోయినవి చాలా ఉన్నాయి. దండకవిలెలనే పాత ఊరి రికార్డుల కట్టలు, తాళపత్రాలు, మెకంజీ కాలం నాటి నకళ్ళు. ఆ తరం పోయింది, పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా. ఇల్లు అమ్మేటప్పుడు భోషాణం పాత సామాన్లవాడికి, అందులో కాగితాలు పొయ్యిలోకి. గొలుసుకట్టు చదివేవాళ్ళు జిల్లా మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా మాకు దొరకట్లేదు. పదేళ్ళు పోతే కాగితం ఉన్నా అది ముగ్గుతో సమానం.

4. కాగితంలో లేని జనం. ఇది అన్నిటికన్నా ముఖ్యమైంది. కరణం కైఫీయతు రాస్తే దేవుడి గురించి, దొర గురించి, అగ్రహారం గురించి రాశాడు. మాలపల్లె, మాదిగపల్లె, ఎరుకల వాళ్ళు, యానాది వాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వీళ్ళ సంగతి అందులో దొరకదు, దొరికినా పన్ను లెక్కలో దొరుకుతుంది. వాళ్ళ చరిత్ర ఎక్కడుందంటే వీరగల్లుల్లో ఉంది, ఊరి బయట పుట్ట పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ బొమ్మరాయిలో, పసువుల మందని కాపాడబోయి చచ్చిపోయిన వాడి గుర్తుగా నిలబెట్టినదాంట్లో. ఆ వాడలో డెబ్భై ఎనభై ఏళ్ళ ముసలమ్మలు పాడే పాటల్లో ఉంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది ఊరి బయట రాయే, ఎందుకంటే దానికి కమిటీ లేదు, ఈఓ లేడు, హుండీ లేదు. పాట అయితే ఆ ముసలమ్మతోనే పోతుంది. మేం ఫోన్లో రికార్డు చేస్తున్నాం కానీ ఏడుగురం ఎన్ని వాడలు తిరుగుతాం?

5. గుప్తనిధుల పిచ్చి. వీరగల్లు కింద బంగారం ఉందని, నంది పొట్టలో వజ్రాలున్నాయని రాత్రిళ్ళు తవ్వేవాళ్ళు మా జిల్లాలో ఉన్నారు, మీ పోలీసులకీ తెలుసు. మేం ఆ అక్షరాలు చదివి ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టి ఇందులో నిధి లేదు బాబూ, ఫలానావాడు తూము కట్టించాడని రాసుంది అని చెప్పిన చోట తవ్వకాలు ఆగాయి. చదివి చెప్పడం కన్నా చౌకైన కాపలా లేదు. దీనికి ఇంకో వైపు ఉంది, పొలం దున్నుతుంటే పాత దానం రాసిన రాగిరేకు దొరికినవాడు చెప్పడు, పోలీసులొస్తారని, పొలం లాక్కుంటారని భయం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకి మించి విలువ చేసేది దొరికితే కలెక్టరుకి చెప్పాలి, చెప్పినవాడికి వాటా కూడా ఆ చట్టంలోనే ఉంది. ఈ వాటా సంగతి ఏ రైతుకీ ఎవరూ చెప్పలేదు, జైలు సంగతి మాత్రం అందరికీ తెలుసు. అందుకే రాగిరేకులు కరిగిపోయి బిందెలవుతున్నాయి.

6. పిల్లలు. తెలుగు తొలి శాసనం కలమళ్ళలో ఉందని పుస్తకంలో చదువుతారు, 575 ప్రాంతం, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు, బిట్ ప్రశ్నకి పనికొస్తుంది. వాళ్ళ బడి గోడవతల ఉన్న రాయి మీద ఏముందో తెలీదు. తెలుగుకి 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కందపద్యాల గురించి అందరం గొప్పగా చెప్పుకున్నాం, ఆ గుట్టని గ్రానైట్ క్వారీల బారి నుంచి కాపాడుకోడానికి అక్కడివాళ్ళు ఎంత పోరాడాల్సొచ్చిందో మాత్రం చెప్పుకోలేదు.

మధ్యలో ఒక ముచ్చట. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, మొన్న వెళ్ళినప్పుడు మాల్స్ చూపిస్తానంటే వద్దని వాళ్ళుండే కౌంటీ హిస్టారికల్ సొసైటీ చూపించమన్నాను. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి, చిన్నది. పాత చెక్క ఇల్లు, లోపల నా వయసువాళ్ళే నలుగురు, జీతం లేదు. ఒక పెద్దావిడ డ్రాయరు లాగి కార్డులు చూపించింది, ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరు కట్టారు, ఏ చర్చిలో ఎవరి పెళ్ళి, ఏ ఏడు వరదొచ్చింది. వాళ్ళ ఊరి వయసు మొత్తం రెండొందల ఏళ్ళు లేదు సార్. బోరింగు దగ్గర మా బట్టలరాయి వయసు దానికి నాలుగింతలు. నాకు అసూయ వేసింది, దాచుకోవడమెందుకు. వాళ్ళ దగ్గరున్నదీ మా దగ్గర లేనిదీ డబ్బు కాదు, గది. తాళంచెవి ఉన్న ఒక గది.

అమెరికా మాటొచ్చింది కాబట్టి అక్కడున్న మన ఊళ్ళ పిల్లలకి కూడా రెండు మాటలు. బాబూ, అమ్మా, మీరు ఊరి మీద ప్రేమతో గుడికి డాలర్లు పంపుతున్నారు, సంతోషం. ఆ డబ్బుతో ఇక్కడ జరిగేదేమిటంటే పాత రాతిగోడకి గ్రానైట్ పలకలు అంటిస్తారు, స్తంభాలకి ఎనామిల్ రంగులు, సున్నం పోవాలని శాండ్ బ్లాస్టింగ్. ఇసక అంత ఒత్తిడితో కొడితే సున్నంతో పాటు అక్షరం కూడా పోతుంది, ఎనిమిదొందల ఏళ్ళ వానకి పోనిది ఒక మధ్యాహ్నంలో పోతుంది. పంపే ముందు పని మొదలెట్టకముందు ప్రతి రాయికీ ఫోటో తియ్యండి అని ఒక్క షరతు పెట్టండి, డబ్బిచ్చేవాడి మాట కమిటీ వింటుంది, మా మాట వినదు.

ఇక మేం అడిగేవి. ముందే చెప్తున్నా, ఇందులో గ్రాంటు లేదు, సన్మానం లేదు, శాలువాలు ఇంట్లో చాలానే ఉన్నాయి.

1. గుడి బాగుచేత, రోడ్డు వెడల్పు, చెరువు పూడిక, పాత బడి, పాత ఆఫీసు కూల్చివేత, ఇలాంటి ఏ పనికైనా ఎస్టిమేట్ వేసేటప్పుడు ఒక్క గడి పెట్టండి: ఇక్కడ పాత రాయి, విగ్రహం, రాత ఏమైనా ఉన్నాయా, ఉంటే ఫోటో. ఆ గడి నింపకుండా పని మొదలవ్వకూడదు. సెక్రటరీకి పది నిమిషాల పని. అనుమానముంటే మాకు ఫోన్ చెయ్యండి, రాత్రయినా వస్తాం, మా లైన్‌మాన్‌కి రాత్రిళ్ళు తిరగడం అలవాటే.

2. ఏ శాఖ అర్జీ అయినా ఒకళ్ళు తీసుకుని చివరిదాకా చూసేలా జిల్లాకి ఒక మనిషిని పెట్టండి. కొత్త పోస్టు అడగట్లేదు, ఉన్నవాళ్ళలో ఎవరికైనా అదనపు బాధ్యత. రక్షిత కట్టడం కాకపోతే ఎవరిదీ కాదు అనే మాట మాత్రం ఇక వినలేం. లిస్టులో లేనిదాన్ని లిస్టులో పెట్టడానికే కదా 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది, ఎన్ని ప్రతిపాదనలు మన జిల్లా నుంచి పంపారో దయచేసి బయటపెట్టండి.

3. గది. కొత్త కలెక్టరేట్ అయ్యాక పాత తాలూకాఫీసు సగం ఖాళీగా పావురాలకిచ్చారు. అందులో ఒక గది, ఒక ట్యూబ్‌లైటు. విరిగిన రాళ్ళు, రిజిస్టర్లు, రికార్డు చేసిన పాటలు అక్కడ పెడతాం, ఎవరైనా వచ్చి చూడొచ్చు. తాళంచెవులు రెండు, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.

4. పాత రిజిస్టర్లు, మినిట్స్ బుక్కులు, పనికిరాని రికార్డు అని పారేసేముందు నెలరోజులు నోటీసు. స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం. బతికున్నవాళ్ళ వివరాలు, తగాదాల్లో ఉన్న భూముల కాగితాలు మాకు చూపించనక్కర్లేదు, వాటి మీద మాకు ఆశ లేదు, ఆ పేరు చెప్పి అన్నీ తగలెయ్యొద్దని మనవి.

5. కొత్త జిల్లాకి గెజిటీర్ రాయించండి. పాత జిల్లా గెజిటీర్లో మా మూడు మండలాలు ఒక పేరాలో అయిపోయాయి. రాసేటప్పుడు లెక్చరర్లనే కాదు, చేపలవాళ్ళనీ, డప్పు వాయించేవాళ్ళనీ, బడి ఆయాలనీ కూర్చోబెట్టి అడగండి.

6. వేసవి సెలవల్లో గొలుసుకట్టు నేర్పడానికి ఒక హైస్కూలు గది ఇవ్వండి. నేర్పడానికి మా ఏడో సంతకం ఆవిడ రెడీగా ఉంది, జీతం అడగట్లేదు, పిల్లలకి మజ్జిగ మేం పోస్తాం.

గుడి కమిటీ పెద్దలకి విడిగా చేతులు జోడించి చెప్తున్నా. మీమీద మాకు కోపం లేదు. మీ గుడి పడిపోకుండా నిలబెట్టింది మీరే, మేం కాదు. అమరావతి స్తూపం రాళ్ళు 18వ శతాబ్దం చివర్లో కొత్త కట్టడాలకి పనికొస్తాయని ఊడదీసినప్పుడు కూడా చేసినవాళ్ళు దుర్మార్గులేం కాదు, వాళ్ళకది రాయి, అంతే. మిగిలినవాటిలో ఎన్నో ఇవాళ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒక గదిలో పెట్టుకున్నారు, మనవాళ్ళు విమానమెక్కి వెళ్ళి ఫోటోలు దిగొస్తున్నారు. మీ గుమ్మంలో ఉన్నది మీ గుమ్మంలోనే ఉండాలని మా కోరిక, ఎత్తుకుపోతామని అనుమానపడకండి, ఒక ఊళ్ళో అలాగే అనుమానపడి మా టైలరుని చెట్టుకి కట్టేసినంత పని చేశారు, తర్వాత భోజనం పెట్టి పంపార్లెండి.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి మళ్ళీ వస్తున్నాం, ఏడుగురం వస్తాం, ఈ లేఖ కాపీ, నాలుగు ఫోటోలు, పాత రసీదులు మూడూ పట్టుకుని. ఈసారి అర్జీ ఒక్క పని మీదే. ఆ శివాలయం ర్యాంపుని రోడ్డుదాకా పొడిగించి కాంక్రీటు పోస్తారని, సంక్రాంతి వెళ్ళాక పని మొదలని ఊళ్ళో చెప్తున్నారు. పోస్తే ఆ రెండు ముక్కలు ఇక రావు. అంతకుముందే ఒక రోజు జేసీబీ ఇప్పించండి, డీజిల్ ఖర్చు మేం పెట్టుకుంటాం. బోరింగు దగ్గర మూడో ముక్క గురించి ఆ బట్టలుతికే అక్కతో మాట్లాడాం, దానికి బదులు నున్నటి కడప బండ ఒకటి తెచ్చిస్తే ఇచ్చేస్తానంది, బండ కొనేశాం, జిరాక్స్ షాపు ముందు పెట్టి ఉంది.

ఇట్లు,
ఏడుగురి తరఫున,
ఒక రిటైర్డ్ కండక్టరు